భయభక్తుల దారి: మెదక్ నుంచి గుండ్లకమ్మ దాకా ఆరు రోజులు

"యెహోవాయందు భయభక్తులు కలిగియుండుట తెలివికి మూలము" అంటుంది సామెతల గ్రంథం. హెబ్రీలో అక్కడున్నది భయం అనే అర్థమొచ్చే ఒక్క మాటే. తెలుగు చేసినవాళ్లు దాని పక్కన భక్తిని కూర్చోబెట్టారు. మన ఇళ్లలో పెద్దల ముందు ఎలా మెలగాలో చెప్పడానికి వాడే జంటమాటే అది. తెలుగు క్రైస్తవుల గుళ్లో ఆ మాట ఎలా కనిపిస్తుంది? చెప్పులు ఎక్కడ విడుస్తారు, మోకాలు ఎప్పుడు వంగుతుంది, తలమీదికి కొంగు ఎప్పుడు వస్తుంది, నోరు ఎప్పుడు మూతపడుతుంది: ఈ దారంతా చూడాల్సినవి ఇవే.

శనివారం బయల్దేరితే ఆదివారం హైదరాబాదులో పడుతుంది, అది ముఖ్యం. సంచిలో ఉండాల్సినవి కొన్నే. చెప్పులు పెట్టుకోవడానికి ఒక గుడ్డసంచి, ఆడవాళ్లకు తలమీద నిలిచే నూలు చున్నీ (సిల్కుది పది నిమిషాలకోసారి జారుతుంది, సర్దుకోవడంతోనే సరిపోతుంది), మధ్యాహ్నపు రాతినేలకు ఒక జత మేజోళ్లు, కానుకకు చిల్లర నోట్లు. నేలమీద కూర్చుని లేచేందుకు వీలుగా వదులు బట్టలు వేసుకోవాలి.

మొదటి రోజు, శనివారం: మెదక్

సికింద్రాబాదు జూబ్లీ బస్టాండు నుంచి మెదక్ దాదాపు వంద కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరాలి, ఎందుకంటే ఈ గుడిని చూపించేది ఎండ. మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి: క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన అవి. బయటి వెలుగు లోపలికి వచ్చినంతసేపే బొమ్మ కనబడుతుంది. పొద్దు గూకితే మూడూ నల్లటి గోడలే. సాయంత్రం ఆరింటికి వచ్చి "ఏముంది ఇక్కడ" అని తిరిగి వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

గుడి పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గంటల గోపురం 175 అడుగులు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో చుట్టుపక్కల జనానికి పని, కూలి, తిండి దొరికేలా 1914లో మొదలుపెట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కట్టిన చేతుల్లో ఎక్కువభాగం ఆకలితో వచ్చినవాళ్లవేనని తెలిశాక ఆ ఎత్తు చూసే చూపు కొంచెం మారుతుంది.

చెప్పులు బయటే. "నీ పాదములనుండి నీ చెప్పులు విడువుము, నీవు నిలిచియున్న స్థలము పరిశుద్ధ ప్రదేశము" అని మోషేకు వినబడిన మాటను ఇంగ్లండు గుళ్లు అక్షరాలా పట్టించుకోలేదు, అక్కడ బూట్లతోనే లోపలికి నడుస్తారు. ఆ మాట మనవాళ్లకు విడమరచి చెప్పాల్సిన పని పడలేదు.

శనివారం ఆరాధన ఉండదు. అయినా ఖాళీ గుళ్లో మధ్య నడవలో నిలబడితే దక్షిణ ఇండియా సంఘపు ఆరాధన ఏ దారిన నడుస్తుందో నేలమీదే గుర్తుపట్టవచ్చు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి ఒక్కటైన సంఘమిది. రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆరాధన మొదలయ్యేటప్పుడు బైబిలును ముందు పెట్టుకుని గురువులు లోపలికి వస్తారు, జనం లేచి నిలబడతారు. లేచేది గ్రంథం కోసం. వెనకొచ్చే అయ్యగారి కోసమని చాలామంది అనుకుంటారు. కానుకల వేళ రొట్టె, ద్రాక్షరసం గుడి వెనక నుంచి, జనం మధ్య నుంచి పీఠం దగ్గరికి వెళ్తాయి. గురువు బల్ల వెనక నిలబడి జనానికి ఎదురుగా ఉంటాడు.

ఆ క్రమంలో చాలామంది తొందరలో పాడుచేసేది సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకునే ఘట్టం. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని అందుకునేవారి కుడి అరచేతికి ఆనిస్తారు, ఆపైన ఇద్దరూ ఎడమచేతిని ఎదుటివారి కుడిచేతిమీద మూస్తారు. సిరియను క్రైస్తవుల ఆచారం నుంచి తీసుకున్న పద్ధతి ఇది. పీఠం దగ్గర మొదలై వరుసల చివరిదాకా ఒకరి నుంచి ఒకరికి చేరాలి. ఇప్పుడు చాలాచోట్ల నాలుగు వైపులా కరచాలనాలు, "బాగున్నారా" పలకరింపులు అయిపోయి గుడి కాసేపు పెళ్లిపందిరిలా మారుతుంది. పక్కవారికి ఒక్కరికే, నెమ్మదిగా ఇస్తే చాలు.

సంస్కారం అందుకునేటప్పుడు మోకాళ్లూని కుడి అరచేతిని ఎడమ అరచేతిమీద ఉంచి, చేతినే నోటిదగ్గరికి తెచ్చుకోవడం ఆంగ్లికన్ల నుంచి వచ్చిన అలవాటు. ఇది గుర్తుంచుకోండి, రేపు పొద్దున చేతులు తారుమారవుతాయి.

రెండో రోజు, ఆదివారం: సికింద్రాబాదు, తర్వాత హెబ్రోను

ఈ ప్రయాణానికి గుండెకాయ ఈ రోజు. తెల్లవారుజామునే లేవాలి.

సికింద్రాబాదు సెయింట్ మేరీస్ గుడి 1850 నాటిది, 2008లో బసిలికా హోదా (పోపు ఇచ్చే ప్రత్యేక గౌరవం) వచ్చింది. పూజ ఏ భాషలో ఏ వేళకో గుమ్మం దగ్గరి బోర్డు చూసుకుని పావుగంట ముందే లోపల ఉండాలి. కతోలికుల గుళ్లో మొదట వెతకాల్సింది ఎర్రటి చిన్న దీపం. అది వెలుగుతున్నచోట దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ప్రతిష్ఠించిన రొట్టె, ఉంచిన పేటిక ఉంటుంది. దాని ఎదుటికి వచ్చినప్పుడు కుడి మోకాలు నేలకు తాకేలా వంగడం నియమం. సగం వంగి, చేత్తో గాలిలో ఏదో గీసి బెంచీలోకి దూరిపోవడం ఇప్పుడు ఎక్కువగా కనబడేది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నడుము వంచి నమస్కరించవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. బలిపీఠానికి మాత్రం నడుము వంచిన నమస్కారం. యేసు పేరు వినబడితే తల వంచడం. ఈ మూడింటి తేడా తెలిసినవాళ్లు ముసలివాళ్లలోనే ఎక్కువ.

ధూపానికీ లెక్కుంది. సత్ప్రసాదానికి, సిలువకు, సువార్త గ్రంథానికి, గురువుకు, జనానికి మూడేసి ఊపులు. పునీతుల స్వరూపాలకు (సెయింట్ల విగ్రహాలకు) రెండు. ధూపం చెడేది బొగ్గు దగ్గర. నిప్పు అంటించి బొగ్గుమీద తెల్లటి బూడిదపొర వచ్చేదాకా ఆగాలి. తొందరపడి సాంబ్రాణి వేస్తే వాసన రాదు, పొగ కమ్ముతుంది, ముందు వరుస దగ్గుతుంది. ఫ్యాను కింద నిలబడి ధూపం వేస్తే పొగంతా పాటలవాళ్ల ముఖాలమీదికే. సంగతి తెలిసిన పీఠబాలకుడు ఉంటే ముందే ఆ ఒక్క ఫ్యానూ ఆపేస్తాడు.

సత్ప్రసాదం చేతిలో తీసుకునేవారు ఎడమ అరచేయి పైన, కుడిది కింద పెడతారు. ఎడమచేతిలో ఉంచినదాన్ని కుడిచేత్తో తీసి, గురువు ఎదుటే, పక్కకు కదలకముందే నోట్లో వేసుకోవాలి. మనకు ఎడమచేయి చాపడం ఇబ్బంది. అందుకే చాలామంది తెలుగు కతోలికులు నాలుకమీదే తీసుకుంటారు, లేదా కుడిచేయి పైన పెట్టేసి ఆఖరి క్షణంలో తడబడతారు. ఎడమచేయి పైకి రావడానికి కారణం తేలికే: నోటికి అందించే పని కుడిచేతిది. పుచ్చుకోవడానికి గంట ముందు నుంచి నీళ్లు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదు. కతోలికులు కానివారు అందుకోరు. వాళ్లు బెంచీలోనే ఉండి మోకాళ్లు పక్కకు తిప్పితే మిగతావాళ్లు దాటుకుని వెళ్లగలుగుతారు.

పూజ అయ్యాక గోల్కొండ చౌరస్తా దగ్గరున్న హెబ్రోనుకు ఆటోలో వెళ్లవచ్చు. అక్కడ పీఠం లేదు, స్వరూపం లేదు, ఎర్రదీపం లేదు. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగు చదువుకు విదేశాలకు వెళ్లి క్రైస్తవుడైన భక్తసింగ్ 1950లో హైదరాబాదులో మొదలుపెట్టిన సంఘమిది. 2000 సెప్టెంబరు 17న ఆయన ఈ ఊళ్లోనే కన్నుమూశాడు.

చెప్పులు బయట గుట్టలుగా ఉంటాయి. గుడ్డసంచి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, అందరూ నేలమీద. ఆడవాళ్లందరి తలమీదా ముసుగు, కొరింథీయులకు పౌలు రాసిన మాట ప్రకారం. ఇక్కడ అచ్చువేసిన క్రమం ఉండదు. ఒక పాట, తర్వాత నిశ్శబ్దం. ఎవరో ఒకరు గొంతెత్తి స్తుతిస్తారు, మిగతావాళ్లు "ఆమేన్" అంటారు, మళ్లీ నిశ్శబ్దం. అడుగుతూ చేసే ప్రార్థనకు ఇది వేళ కాదు. జబ్బులు, ఉద్యోగాలు, పరీక్షలు తర్వాత. ఇప్పుడు ఆయన ఎవరో చెప్పడమే, ఆయన చేసినది చెప్పడమే. కొత్తగా వచ్చినవారు తడబడేది ఇక్కడే: నోరు తెరవగానే "ప్రభువా, మా అబ్బాయికి" అని మొదలవుతుంది. ఆ తర్వాత రొట్టె, పాత్ర. రొట్టె విరవడం ప్రతి ఆదివారం ఉంటుంది, బాప్తిస్మం తీసుకున్న విశ్వాసులకే. బయటి ఊరి నుంచి వచ్చినవారు ముందే పెద్దలకు కనబడి చెప్పుకోవడం మర్యాద. ఆపైన వాక్యం, చివర్లో అందరికీ నేలమీదే ప్రేమవిందు.

గంటలు గడుస్తాయి. అలవాటు లేనివారికి అరగంటకే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. గోడవైపు చోటు చూసుకుంటే కాలు మార్చి కూర్చోవచ్చు. కాళ్లు ముందుకు చాపకూడదు. పక్కకు ముడవవచ్చు.

పొద్దున భక్తిని వెండిగిన్నె, దీపం, ధూపం మోశాయి. మధ్యాహ్నానికి మోయడానికి కాలం, మౌనం తప్ప ఏమీ మిగల్లేదు. రెండోది తేలికని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి అదే కష్టం. క్రమం అచ్చులో ఉన్నచోట మనసు ఎటు పోయినా ఆరాధన నడుస్తుంది, ఇక్కడ మనసు ఎటైనా పోతే నిశ్శబ్దం ఖాళీగా వినబడుతుంది.

మూడో రోజు, సోమవారం: డోర్నకల్

కాజీపేట–విజయవాడ లైనులో డోర్నకల్ జంక్షను. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు, ముందే చూసుకోవాలి. స్టేషన్లో దిగి ఆ గుడిని చూస్తే మెదక్ వెంటనే వెనక్కి జరుగుతుంది. గుమ్మటాలు, రాతి స్తంభాలు, దక్షిణాది ఆలయపు వరసలు. దీన్ని కట్టించింది వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. ఆయన తమిళుడు, వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. గుడి ప్రతిష్ఠ 1939 జనవరి 6న, ఎపిఫనీ పండగనాడు. పేరూ అదే, ఎపిఫనీ కథీడ్రల్. జ్ఞానులు వచ్చి సాగిలపడిన రోజు. అజరయ్య 1945 జనవరి 1న చనిపోయాడు, సమాధి ఇక్కడే.

ఆయన కాలపు పద్ధతి ఒకటి తెలుసుకుని ఈ గుళ్లో కూర్చోవాలి. బాప్తిస్మం పొందినవారి చేత తమ చేతిని తమ తలమీదే పెట్టించి "నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అని అనిపించేవాడు. చదువు రానివారికి కాగితం మీద సంతకం ఏం చేస్తుంది? తలమీద చేయి పెట్టి చెప్పిన మాట మన పల్లెలో ఎంత బరువైనదో ఆయనకు తెలుసు. భయమూ భక్తీ ఒకే చేతికిందికి వచ్చాయి.

సోమవారం గుడి తాళం వేసి ఉండవచ్చు. కిటికీల్లోంచి తొంగిచూస్తూ తిరగకుండా ఆవరణలో ఉండేవారిని అడిగితే తీస్తారు. లోపల ఫొటోలకు ముందు అనుమతి అడగాలి. పీఠం కటకటాలు దాటి లోపలికి వెళ్లకూడదు. పెళ్లి ఫొటోగ్రాఫర్లు నేర్పిన చెడ్డ అలవాటు అది.

నాలుగో రోజు, మంగళవారం: గుణదల

విజయవాడలో దిగి, ఎండ ముదరకముందే కొండెక్కాలి. 1924లో ఫాదర్ అర్లాటి ఇక్కడ లూర్దుమాత స్వరూపాన్ని నిలిపాడు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లు, 1858 ఫిబ్రవరి 11న లూర్దులో బెర్నదెత్తకు మాత తొలిసారి కనిపించిన రోజుకు కలిపి. ఆ మూడు రోజులు వస్తే జనం కనబడతారు. గుణదల కనబడాలంటే మామూలు మంగళవారమే నయం.

కొబ్బరికాయ, తలనీలాలు, కొవ్వొత్తి, జపమాల. వచ్చేవారిలో క్రైస్తవులు కానివారూ చాలామంది. కొబ్బరికాయ కేటాయించిన చోటే కొట్టాలి, మెట్లమీద కాదు. కొబ్బరినీళ్లు, కరిగిన మైనం కలిసిన రాతిమెట్టు ఎంత జారుతుందో దిగేటప్పుడు తెలుస్తుంది. కొవ్వొత్తి వెలిగించాక అడుగును కాస్త వేడిచేసి ఆనిస్తే నిలుస్తుంది. అలా చేయక చేత్తో నొక్కితే పక్కకు పడి పక్కవారి మొక్కును ఆర్పేస్తుంది. గాలి కొండపైనుంచి వస్తుంది కాబట్టి ముందు వరుసలో పెట్టకూడదు. గుండు చేయించుకునేవారు కొత్త బ్లేడు కళ్ల ముందే మార్చమని అడగాలి.

ఈ కొండమీద కూర్చుని 1969 సంగతి తలుచుకోవాలి. ఆ ఏడాది ఏప్రిల్లో భారత బిషప్పులు పంపిన పన్నెండు మార్పులకు రోము ఒప్పుకుంది. చెప్పులు విడిచి నేలమీద కూర్చుని పూజ చేయవచ్చు. మోకాలు వంచే బదులు చేతులు జోడించి నడుము వంచవచ్చు. ముద్దుపెట్టే బదులు వస్తువును తాకి ఆ చేతిని కళ్లకో నుదుటికో అద్దుకోవచ్చు. మోకాళ్లు, చేతులు, నుదురు నేలకు ఆనించే పంచాంగ ప్రణామం చేయవచ్చు. కొవ్వొత్తుల స్థానంలో నూనెదీపాలు, బలిపీఠపు గుడ్డ స్థానంలో పళ్లెం, గొలుసు ధూపకలశం స్థానంలో పిడి ఉన్న ధూపపాత్ర, గురువుకు అంగవస్త్రం. పూలు, ధూపం, దీపంతో హారతి. బెంగళూరులోని కతోలికుల జాతీయ కేంద్రం నుంచి ఫాదర్ అమలోర్‌పవదాస్ ఈ పనిని ముందుకు నడిపాడు.

యాభై ఏళ్లు దాటాక ఏం మిగిలింది? పెద్ద పండగల్లో హారతి నిలిచింది, సమాధానానికి చేతులు జోడించడం నిలిచింది, దీపం వెలిగించడం సభలన్నిటికీ పాకింది. పంచాంగ ప్రణామం, పళ్లెం, నేలమీది పూజ ఆశ్రమాల్లో తప్ప పెద్దగా కనబడవు. ఇవన్నీ వస్తే క్రైస్తవుల గుడి తన తీరు కోల్పోతుందేమోనన్న భయం కొందరిది. వేరే మతపు గుర్తులు మాకెందుకన్న అభ్యంతరం మరికొందరిది, ముఖ్యంగా ఆ గుర్తుల పేరుతోనే ఊరి చివరకు నెట్టబడినవారిది. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. మరోవైపు గుణదలలో కొబ్బరికాయకు ఏ కమిటీ తీర్మానమూ అక్కర్లేకపోయింది. జనం తమతో తెచ్చుకున్నది నిలిచింది, కాగితంమీద వచ్చినదానిలో సగం నిలిచింది.

హారతి ఇచ్చేవారికి ఒక మాట. నూనె వత్తులైతే పళ్లెంలో కొంచెం బియ్యం పోసి ప్రమిదలు కుదురుగా కూర్చోబెట్టాలి. పళ్లెం ఛాతీ ఎత్తులో, కుడిగా మూడు చుట్లు, నెమ్మదిగా. పాట అయిపోవస్తోందని వేగం పెంచితే వత్తి జారుతుంది, నైలాను చీరలు ముందుంటాయి.

ఐదో రోజు, బుధవారం: గుంటూరు

గంట ప్రయాణం. 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ అని ఇక్కడివాళ్లు పిలిచే లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ చేరిన ఊరు. ఈ రోజు చూడాల్సినది తక్కువ, వినాల్సినది ఉంది. సాయంత్రం ఎక్కడైనా పాటల సాధన జరుగుతుంటే వెనక కూర్చోండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటివారు కూర్చినవి కచేరీ తెలిసిన చెవికి రాసినవి. కీబోర్డుమీద సిద్ధంగా ఉండే లయ ఒకటి నొక్కి దానికి కీర్తనను తొక్కించడం ఇప్పటి ముచ్చట. రాగపు గమకం ఆ లయలో పట్టదు, పల్లవి పరిగెడుతుంది, ముసలివాళ్లు మధ్యలో ఆగిపోతారు. రాతిగుళ్లో అయితే ముందు పదం ప్రతిధ్వని తగ్గకముందే తర్వాతి పదం వచ్చి పడుతుంది. మందిరం పెద్దదైతే తాళం తగ్గించాలి, సౌండు పెంచితే లాభం లేదు.

ఆరో రోజు, గురువారం: ఒంగోలు, గుండ్లకమ్మ

ఒంగోలు బాప్టిస్టుల ఊరు. జ్యూయెట్ మెమోరియల్ గుడి చూసి, ఊరికి ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డుకు వెళ్లాలి. వేసవిలో వస్తే ఇసుకే ఎక్కువ.

బాప్టిస్టులకు బాప్తిస్మమంటే నీళ్లలో పూర్తిగా మునగడం. నడుములోతు నీళ్లు చాలు. ఇచ్చేవాడు ఒక చేయి మెడ వెనక, మరో చేయి పొందేవారి ముడిచిన చేతులమీద పెట్టి వెనక్కి వంచుతాడు. పొందేవారు రుమాలుతో ముక్కు మూసుకుని, మోకాళ్లు కాస్త వంచాలి. కాళ్లు బిగబడితే ఇద్దరూ పడతారు. తెల్లబట్టలు తడిస్తే ఒంటికి అంటుకుంటాయి, కాబట్టి లోపల ముదురు రంగు బట్టలు ఉండాలి, ఒడ్డున దుప్పటి పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు నిలబడాలి. ఏర్పాటు చేసేవారు ఎక్కువగా మరిచేది ఆ దుప్పటినే. ఇప్పుడు ఫోన్లు పట్టుకుని నీళ్లలోకి దిగేవారు మరో బెడద. ఒక్కరిని ఫొటోలకు నియమించి మిగతావారిని ఒడ్డున ఆపితే సరి.

1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం గుత్తకు తీసుకుని వేలమందికి పని ఇచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, కూటికోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 2న ఇక్కడ 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నీళ్లలోకి దిగారు. క్లౌ తాను ఒక్కరికీ ఇవ్వలేదు, ఒడ్డున ఉండి నడిపించాడు. ఇచ్చినవారు బోధకులు, ఒకసారి ఇద్దరు. వాళ్లు అలసిపోతే మరో ఇద్దరు.

జూలై 3 లెక్క చూద్దాం. దాదాపు తొమ్మిది గంటల పని. ఇద్దరు ఇస్తున్నారు కాబట్టి ఒక్కొక్కరి వంతు 1,111 మంది, అంటే మనిషికి అరనిమిషానికి ఒక సెకను తక్కువ. "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామమున" అన్న మాట తొందర లేకుండా పలకడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. మిగిలిన ఇరవై సెకన్లలో ఒకరు నీళ్లలోకి నడవాలి, పేరు వినబడాలి, మునగాలి, లేవాలి, ముఖం తుడుచుకుని తర్వాతివారికి చోటివ్వాలి. ఒడ్డున నిలబడి వాచీ చూస్తూ ఒకసారి ఆ మాట పైకి పలికి చూడండి. సరిపోతుంది.